మీరు రక్షణం పొందారా?



బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు, పెళ్ళిసంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు, ఒక్కోసారి ఆసుపత్రిలో రోగిని చూడవచ్చినవాళ్ళు గూడ మనలను ఓ ప్రశ్న అడుగుతూంటారు. "మీరు రక్షణ పొందారా?" ఇది వినగానే మన కతోలికులు చాలమంది తడబడతారు. కొందరు "మాకు చిన్నప్పుడే జ్ఞానస్నానమైంది" అంటారు. కొందరు "ప్రతి ఆదివారం పూజకు పోతాం" అంటారు. మరికొందరికి కోపం వస్తుంది. కోపమెందుకు? అడగదగిన ప్రశ్నే. కాని దానికి ఒక్క మాటలో జవాబు లేదు.

పౌలు భక్తుడు ఏమంటున్నాడో చూడండి. రోమీయులకు వ్రాసిన జాబులో ఒకచోట మనం రక్షణం పొందామని చెప్పాడు (8, 24). కొరింతీయుల మొదటి జాబులో మనం రక్షణం పొందుతూ వున్నామని చెప్పాడు (1, 18). మళ్ళా రోమీయుల జాబులోనే ఇకమీదట పొందబోతామని గూడ చెప్పాడు (5, 9). ఈ మూటిలో ఒకదాన్ని పట్టుకొని రెండింటిని వదలిపెడితే చిక్కు వస్తుంది. నాట్లు వేసిన రైతు పంట ఇంటికి వచ్చిందని చెప్పడు. అలాగని తన పొలం బీడుగా వుందనీ చెప్పడు గదా!

ఐతే మనవాళ్ళను పీడించే అసలు కష్టం ఇది కాదు. జీవితమంతా గుడికి వచ్చిన ముసలితల్లి, మంచం పట్టాక, "నేనేం చేశానని మోక్షం వస్తుంది ఫాదరుగారూ! చెప్పిన జపమాలలు చాలతాయంటారా?" అని అడుగుతుంది. ఇలాంటి మాట వినని గురువు వుండడు. ఆమె భక్తిలో లోపమేమీ లేదు. కాని దేవుణ్ణి ఆమె పద్దుపుస్తకం ముందు వేసికొని కూర్చున్న షావుకారుగా ఊహించుకొంది. కొవ్వొత్తులు, నవదిన జపాలు, ఉపవాసాలు ఆ పుస్తకంలో జమ క్రింద పడతాయనుకొంది. ఈ భయంతో చనిపోయేవాళ్ళు మనలో తక్కువమంది కారు.

ఇది తిరుసభ బోధ కానే కాదు. మంచిని ప్రారంభించాలనే కోరిక గూడ దేవుని వరప్రసాదం వల్లనే పుడుతుందని 529లో ఆరెంజి సభ చెప్పింది. 1547లో త్రెంతు మహాసభ, నీతిమంతులు కాకముందు మనకున్న విశ్వాసంగాని మనం చేసిన పనులుగాని ఆ వరప్రసాదాన్ని సంపాదించిపెట్టలేవని నిర్ణయించింది. మొదటి అడుగు ఎప్పుడూ దేవుడిదే.

అసలు సువిశేషమనే మాటలోనే ఈ భావం వుంది. ఊళ్ళో ఎవరైనా ఎదురుపడితే "ఏమిటి విశేషాలు?" అని అడుగుతాం. విశేషమంటే వార్త. జరిగినదాన్ని చెప్పేది వార్త. అది సలహా కాదు, చెల్లించవలసిన బాకీచీటీ అంతకన్నా కాదు. గ్రీకుల్లో ఈ మాట రాజులకు వాడేవాళ్ళు. ఇప్పటి తుర్కీ దేశంలోని ప్రియేనె పట్టణంలో దొరికిన ఓ శాసనం, క్రీ.పూ. 9 నాటిది, అగస్తు చక్రవర్తి పుట్టినరోజును లోకానికి శుభవార్తగా చాటింది. తొలినాటి క్రైస్తవులు ఆ మాటనే తీసికొని సిలువమీద చనిపోయి లేచిన వడ్రంగికి వర్తింపజేశారు. ఎంత తెగువ!

ఈ విషయంమీదనే 16వ శతాబ్దంలో కతోలికులు, లూతరు అనుచరులు విడిపోయారు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ఇరుపక్షాలవాళ్ళు ఓ ప్రకటనమీద సంతకాలు చేశారు. మనం అంగీకారం పొందేది మన పుణ్యం వల్ల కాదు, క్రీస్తు రక్షణకార్యాన్ని నమ్మడం ద్వారా, కేవలం వరప్రసాదం వల్లనేనని కలసి ఒప్పుకొన్నారు. 2006లో మెతడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సమాజాలవాళ్ళు గూడ దీనితో ఏకీభవించారు. భేదాలన్నీ తీరిపోలేదు. ఐనా 1842లో హయ్యరు బోధకుడు లూతరు మిషను ప్రారంభించిన గుంటూరు సీమలో మన కుటుంబాలకు, వాళ్ళ కుటుంబాలకు వియ్యాలున్నాయి. ఆ వియ్యంకులకు ఈ సంతకాల సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

"ఐతే సత్క్రియలెందుకు?" అని మీరడగవచ్చు. లూకా సువిశేషం 19వ అధ్యాయంలోని జక్కయ్య దగ్గరికి వెళ్దాం. అతడు యెరికోలో పన్నులు వసూలు చేసేవాళ్ళకు పెద్ద. ప్రభువును చూడాలని మేడిచెట్టెక్కాడు. ప్రభువు తలయెత్తి చూచి అతన్ని పేరుపెట్టి పిలిచాడు, ఈరోజు మీ యింట్లో దిగుతానన్నాడు. ముందుగా నీ లెక్కలు సరిచేసికో, తర్వాత వస్తానని అనలేదు. జనం సణుక్కొన్నారు. వాళ్ళ బాధ మనకు తెలియనిది కాదు. మన ఊళ్ళో వడ్డీలు పిండేవాడి యింటికి మేత్రాణులు భోజనానికి వెళ్తే మనం మాత్రం ఊరుకొంటామా?

జక్కయ్య లేచి నిలబడి, సగం ఆస్తి పేదలకు ఇస్తానన్నాడు, మోసగించి తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. తప్పు ఒప్పుకొన్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇస్తే చాలని ధర్మశాస్త్రం (సంఖ్యా 5, 7). ఇతన్ని అంత ఇమ్మని ఎవరూ అడగలేదు. ప్రభువు ప్రేమను కొనడానికి ఇచ్చిన సొమ్ము కాదిది. ఆ ప్రేమ అప్పటికే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వచ్చాక పెట్టె దానంతటదే తెరచుకొంది. ప్రభువు కూడ ఆరోజు ఆ యింటికి రక్షణం వచ్చిందనే చెప్పాడు.

మర్నాడు ప్రొద్దున జక్కయ్య వాకిట్లో ఎంతమంది నిలబడ్డారో లూకా వ్రాయలేదు. మన వాకిట్లో నిలబడవలసినవాళ్ళు ఎవరో మనకు తెలుసు. కూలి బాకీపడిన పాలేరు, గట్టు జరిపి మనం కలుపుకొన్న చేను తాలూకు తమ్ముడు, కట్నం చాలలేదని పుట్టింటికి పంపివేసిన కోడలు.