ప్రొద్దు గ్రుంకకముందే

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14, 15, యాకోబు 5:4



కష్టపడినవాని కూలిని ఆ దినముననే, ప్రొద్దు గ్రుంకకముందే చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. అతడు మనవాడైనను పరదేశియైనను విధి ఒక్కటే. అతని యింట పొయ్యి రాజుట ఆ కూలివలననే గదా!

ఈ విధిని మీరిన ఒక ప్రభుత్వమును గూర్చి ఈ నెల ధ్యానించుదము. ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన పశ్చిమ ఆఫ్రికానుండి వేలకొలది యువకులు ఫ్రాన్సు పక్షమున యుద్ధమునకు వెళ్లిరి. అనేకులను బలవంతముగానే సైన్యములో చేర్చిరి. 1940లో ఫ్రాన్సు ఓడిపోగా పలువురు జర్మనులకు చిక్కి, నాలుగేండ్లు చెరలో మ్రగ్గిరి. విడుదలైనవారిలో వెయ్యిమందికి పైగా 1944 నవంబరులో ఓడ దిగి, సెనెగల్ దేశపు డకార్ నగరమునొద్దనున్న థియరోయ్ శిబిరమునకు చేరిరి.

వారడిగినదేమి? చెరనున్న కాలపు జీతము బకాయి. ఫ్రెంచి సైనికులతోపాటు సమానమైన మర్యాద. అంతే. సొమ్ము ముట్టనిదే కదలమనిరి. డిసెంబరు 1వ తేదీ తెల్లవారుజామున వారికి దొరికినవి తుపాకి గుండ్లు. 35 మంది మరణించిరని నాటి అధికారులు చెప్పిరి. 300 మందికి పైగా చనిపోయియుందురని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. బ్రదికినవారిలో 34 మందిని 1945లో తిరుగుబాటుదారులని శిక్షించిరి. అది ఊచకోతయేయని ఫ్రాన్సు అధ్యక్షుడు ఒప్పుకొన్నది 2024 నవంబరులో. అప్పటికి ఎనుబది ఏండ్లు!

చనిపోయినవారి నోరు మూయవచ్చును, చెరసాలలోనివారి నోరు మూయవచ్చును. బాకీ నోరు మూయుట ఎవరి తరము? ఇయ్యక ఆపిన కూలి తానే దేవుని చెవిని చేరునని యాకోబు మనలను హెచ్చరించుచున్నాడు.

ఆ ప్రభుత్వమును నిందించి ఊరకుందుమా? మన పొలములలో కోత కోసినవారున్నారు, మన యిండ్లలో అంట్లు తోమువారున్నారు, మన గుడి ఊడ్చువారున్నారు. "రేపు రా" అని వారిని త్రిప్పుచున్నామేమో పరీక్షించుకొందము. అడుగ వచ్చినవానిని పొగరుబోతనుట సులభమే. థియరోయ్‌లోను ఆ మాటతోనే ఆరంభమైనది. అతడు అడుగుచున్నది దానము కాదు, తన సొమ్ము. బాకీ యుంచుకొని కానుక పళ్లెములో వేసిన రూపాయిని దేవుడు ఏ కన్నులతో చూచును?

ఈ సాయంకాలము మన లెక్క పుస్తకములను తెరచి చూచుకొందము. ఎవరికైనను ఇయ్యవలసియున్నయెడల దీపము పెట్టకమునుపే ఇచ్చివేయు మనస్సును ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.