నంబరు లేని తుపాకి

నల్లగొండ పల్లెల్లో పాత తుపాకుల కథలు ఇంకా వినిపిస్తాయి. దొర గడిలోంచి దళం ఎత్తుకొచ్చిన రివాల్వర్ అని ఒకరంటే, మా తాత రజాకార్ల మీద పేల్చింది ఇదే అని ఇంకొకరు. అలాంటిదొకటి, పాత ఆయుధాలు సేకరించేవాడి ముందు పెట్టారనుకుందాం. ఆయన కథ వినడు. ముందు తిప్పి చూస్తాడు. కంపెనీ పేరుందా, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలున్నాయా, ఫ్రేము మీది నంబరూ సిలిండర్ మీది నంబరూ ఒకటేనా, అంచులు వాడి వాడి అరిగాయా లేక ఎవరైనా సానబట్టి కొత్తగా నల్లరంగు ఎక్కించారా. అది వెబ్లీ మార్క్ 6 అయితే 1915కి ముందుది కాదు. 1857లో తుర్రెబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీదికి పోయిననాటిదని చెప్పినవాడి మాట అక్కడే పడిపోతుంది.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఇనుము అబద్ధమాడదు. కానీ ఇనుము చెప్పేది ఏ కార్ఖానాలో పుట్టిందని మాత్రమే, ఏ చేతిలో పేలిందని కాదు. డబ్బంతా ఆ చేతిలోనే ఉంది మరి. బిల్లీ ద కిడ్‌ని పాట్ గారెట్ కాల్చిన కోల్ట్ రివాల్వర్ 2021లో లాస్ ఏంజెలెస్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అలాంటిదే ఇంకో కోల్ట్, ఆ చేయి తగలనిది, దాని దరిదాపులకు కూడా రాదు.

చేతిని రుజువు చేసేది కాగితం. భగత్‌సింగ్ పిస్తోలు ఎన్నో ఏళ్ళు ఇందోర్‌లో బీఎస్ఎఫ్ ఆయుధాల మ్యూజియంలో తక్కిన వాటిలో ఒకటిగా పడి ఉంది. పైన పూసిన రంగు గీకితే నంబరు బయటపడింది. లాహోర్ కేసు కాగితాల్లోని నంబరుతో సరిపోయింది. ఆ నంబరు రాసిపెట్టిందెవరు? ఆయన్ని ఉరితీసిన సర్కారే. ఉరికి సాక్ష్యంగా రాసుకున్న అంకెలే ఇవాళ మనకు ఆధారం.

మన దగ్గర ఆ అంకెలు కూడా లేవు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిననాడు తుపాకులు దేశ్‌ముఖ్ మనుషుల దగ్గరే ఉన్నాయి. జనం చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. తర్వాత దళాల చేతికి వచ్చినవాటిలో బర్మార్లు కూడా ఉన్నాయి. ఊరి కమ్మరి చేసిన బర్మారుకు ముద్ర ఎక్కడిది, నంబరు ఎక్కడిది? ఫలానా తుపాకి నా దగ్గరుందని రాసిపెట్టుకోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దొర దుకాణంలో కొన్న రివాల్వర్‌కు మాత్రం నంబరుంటుంది, బిల్లు కూడా ఉండొచ్చు. అంటే మన పరీక్షలో దొర తుపాకి నిజమని తేలుతుంది, దొరను ఎదిరించినవాడి తుపాకి ఆధారాల్లేనిదవుతుంది.

అలాగని మనవళ్ళు చెప్పిందల్లా నమ్మాలా? నమ్మొద్దనే అంటాను. రేటు ఉన్నచోట కథలు పెరుగుతాయి. రేటు లేని ఇంట్లోనూ పెరుగుతాయి, అది వేరే సంగతి. (ఇంట్లో పెట్టుకోవడమూ అంత తేలిక కాదు. 1959 ఆయుధాల చట్టం, బాగుచేసినా పేలని పాత తుపాకికే మినహాయింపు ఇస్తుంది. కొనేవాడికేమో చెక్కుచెదరనిది కావాలి.)

నా అభ్యంతరం ఆ చీటీ మీదే. “ఆధారం లేదు” అన్నది “అబద్ధం” అన్నట్టు చదివేలా రాస్తారు. ఇది చేతిపని, ముద్రలు లేవు, ఫలానా ఊరి ఫలానా ఆమె ఫలానా రోజున ఇలా చెప్పింది, రుజువు చేయడం నా వల్ల కాలేదు అని రాయొచ్చు కదా. ధర పడిపోతే పడిపోనీ. ఆమె పేరైనా ఒక కాగితం మీదికి ఎక్కుతుంది.

చిక్కంతా ఇంకోచోట ఉంది. ఆ ముసలామె తెచ్చిన రివాల్వర్ మీద, సాయుధ పోరాటం విరమించిన 1951 తర్వాత తయారైన ముద్ర కనిపిస్తే? చెప్పి తీరాలి, అందులో మొహమాటం లేదు. వస్తువు ఆనాటిది కానంత మాత్రాన మనిషి ఆనాడు లేడని కాదు, ఆ ముక్కా చెప్పాలి. ఆమె వింటుందా అన్నది నాకు సందేహమే. ఇన్నేళ్ళూ ఆమె పెట్టెలో దాచుకున్నది ఆ ఇనుమునే.