ధనమునకు స్వామి ఎవరు?

శ్రియఃపతియైన శ్రీమన్నారాయణుడే సకల చేతనాచేతనములకు స్వామి. తక్కినదంతయు ఆయనకు శేషభూతము. భగవద్రామానుజులవారు స్థాపించిన ఈ యర్థమును సన్నిధిలో తీర్థము పుచ్చుకొనునపుడు అంగీకరించుట సులభము. అంగడిలో లెక్కల పుస్తకము తెరచినపుడు అంగీకరించుటయే కష్టము.

చెన్నై, కోల్‌కతా నగరములను కలుపు రహదారియు, హైదరాబాదునుండి బందరు పోవు రహదారియు విజయవాడలో కలిసికొను కూడలి బెంజ్ సర్కిల్. ఆ నగరపు కళాశాలలలో వ్యాపార నిర్వహణశాస్త్రము నభ్యసించు యువతీయువకులు నేడెందరో కలరు. రేపు కర్మాగారములకును, బ్యాంకులకును వీరే అధికారులు. ‘సుస్థిరత’, ‘బాధ్యతాయుత నాయకత్వము’ అను పాఠములు కూడ ఇట్టి విద్యలో ఇప్పుడు చేరినవి. మంచిదే. అయితే ఆ పాఠము పరీక్షతో ముగియునా, బ్రతుకులోనికి దిగునా?

2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ననుసరించి, నియమిత పరిమాణమునకు చేరిన సంస్థలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు పాళ్ళు సమాజహితమునకు వ్యయము చేయవలెను. విద్యార్థులు దీనిని చక్కగా వల్లెవేయుదురు. శాస్త్రమడుగు ప్రశ్న వేరు: మిగిలిన తొంబదియెనిమిది పాళ్ళు ఎట్లు వచ్చినవి? కాలువలోనికి విషజలము వదలి, ఆ లాభముతో చలివేంద్రము పెట్టించిన యజమాని దాతయగునా? దేవతల వలన పొందినదానిని వారికి సమర్పింపక తానే అనుభవించువానిని గీతాచార్యుడు మూడవ అధ్యాయమున చోరునిగనే యెంచినాడు. అంతకంటె మెత్తని మాట ఆయనకు దొరకక కాదు.

ఆ చౌర్యమెట్టిదో కృష్ణాతీరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. నాటినుండి నేటివరకు డెల్టా భుజించునది కాలువనీటి యన్నమే. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు విజయవాడ నగరము నడుమనుండియే పొలములకు పోవుచున్నవి. పట్టణమున నొకడు పారవేసినది పల్లెలో మరియొకని మడిలో తేలును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, సింగ్ నగర్ మొదలైన ప్రాంతములు రోజుల తరబడి నీట నుండెను. అతివృష్టి దైవికమే. ఏటిదారిని ఇరుకు చేసినది మాత్రము దైవము కాదు. నీరు పోవలసిన చోటును ఇండ్లస్థలములుగ అమ్మినవాని పుస్తకములో లాభమే కనబడును. దాని నష్టము ఏండ్ల తరువాత మరియొకరి యింట వ్రాయబడును.

ఇట్టి విద్యార్థులకు తగిన గ్రంథమును దూరమున వెదకనేల? విజయవాడకు దిగువన, కృష్ణయొడ్డున, శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు వేంచేసియున్నాడు. కళింగ దండయాత్రకు వెడలిన శ్రీకృష్ణదేవరాయలకు ఆ స్వామి స్వప్నమున ఆనతిచ్చుటచే ఆముక్తమాల్యద వెలసినది. అందు యామునాచార్యులు కుమారునకు రాజ్యమప్పగించుచు చేసిన రాజనీత్యుపదేశము కలదు. దేశము చిన్నదైనను కుంటలు, కాలువలు కల్పించి, పేదకు పన్నునందును పంటపాలునందును సడలింపు చూపినచో, అర్థమును ధర్మమును రెండును పెరుగునని అందలి భావము. ధర్మముకొరకు అర్థమును విడువుమనలేదు. పేదవాడు నిలుచుటచేతనే అర్థము నిలుచునన్నారు.

ఆ మాటలు చెప్పినవారు సింహాసనము దిగిపోవుచున్నవారు. పూర్వులు దాచిన నిధిని చూపెదనని శ్రీరామమిశ్రులు వారికి చూపినది ఉభయకావేరుల నడుమ శేషశాయియైన శ్రీరంగనాథునే. రాజ్యము తనది కాదని యెరిగినవాడు గనుకనే తరువాత వచ్చువాని సుఖమును చింతింపగలిగెను. తనదేయని పట్టుకొని కూర్చున్నవాడు రాబోవువానికొరకు కాలువ త్రవ్వడు.

క్రొత్త లెక్కల పుస్తకమునకు పసుపు రాసి స్వామి సన్నిధిని పెట్టు ఆచారము వర్తక కుటుంబములలో కలదు. తెల్లకాగితములను పెట్టుటలో కష్టమేమున్నది? సంవత్సరాంతమున, వ్రాసిన పుస్తకమును కూడ అట్లే పెట్టగలవా యని ఆచార్యుడు శిష్యునడుగవలెను. ఆ పుస్తకములో రూపాయల ప్రక్కనే, సంస్థ ఎంత నీరు తీసికొన్నది, ఎట్టి నీరు వదలినది, కూలికి ఏనాడు కూలి ముట్టినది అను పంక్తులను శిష్యునిచేతనే వ్రాయింపవలెను.