కనబడని యజమాని – అతిథి ధర్మము

అతిథిని దేవునివలె ఆదరింపవలెనని శాస్త్రములు విస్తారముగా బోధించినవి. గృహస్థు ధర్మమును గూర్చి తెలియనివారు అరుదు. కాని అతిథి తాను ఎట్లు మెలగవలెనో ఆలోచించువారు తక్కువ. యజమాని ఎదుట నిలిచియున్నప్పుడు అతిథికి మర్యాద దానంతట అదియే కలుగును. యజమాని కంటికి కనబడని చోట, అడవిలో, చెరువుగట్టున, కొండగుహలో, అతని నడవడి ఎట్లుండవలెను? ఈ కాలమున విచారింపదగిన ప్రశ్న ఇది.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు కలవు. శామీర్‌పేట చెరువు, జవహర్ జింకల పార్కు, కండ్లకోయలోని ఆక్సిజన్ పార్కు, చుట్టుపట్ల నున్న రాతిగుట్టలు సెలవు దినములలో నగరవాసులను ఆకర్షించుచున్నవి. గుడారములు వేసికొని రాత్రి ఆరుబయట గడుపుటయందును, దూరప్రాంతముల గుహలు చూచుటయందును యువకులకు ఉత్సాహము మెండు.

ఈ ప్రాంతమున ఒక శ్రీవైష్ణవ గృహమున్నదనుకొనుడు. కళాశాలలో చదువుచున్న మనుమడు మిత్రులతో గుడారములు తీసికొని పోయి, బేలుం గుహలు చూచి వచ్చెదనని తాతగారిని అనుమతి కోరినాడు. తాతగారికి ఆ మాట రుచింపలేదు.

"నాయనా, అరణ్యము తపస్సునకు, గుహ స్వామికి. అవి విహారస్థలములు కావు. అంత కోరిక యున్నచో యాదగిరిగుట్టకు పోయి, గుహలో వెలసిన నరసింహస్వామిని సేవించి రమ్ము" అన్నారు.

మనుమడు వినయముగానే ఇట్లనినాడు: "తాతగారూ, క్రిందటి ఏడు మనము యాత్రకు పోయిన కొండత్రోవలో ప్లాస్టిక్ సంచులు, నీళ్ల సీసాలు, ఎంగిలి విస్తళ్లు దారిపొడవునా చూచితిమి గదా. వాటిని పడవేసినవారందరు యాత్రికులే. వారిది పుణ్యము, మాది విహారము ఎట్లగును?"

తాతగారు వెంటనే బదులు పలుకలేదు. ఆ ప్రశ్నలో నిజము కలదు. దానికి సమాధానమును శ్రీమద్రామాయణమునందే వెదకవలెను.

వనమున ఆనందించుట దోషమా? కాదు. చిత్రకూటమున శ్రీరామచంద్రుడు సీతమ్మకు కొండ శిఖరములను, పుష్పించిన వృక్షములను, మందాకినీ నదిని చూపి, ఇట్టి చోట నీతో నుండగా రాజ్యము పోయినదన్న బాధ లేదని పలికెను. వర్షాకాలమును ప్రస్రవణగిరి గుహలో లక్ష్మణునితో గడపెను. అయినను, చిత్రకూటమున లక్ష్మణుడు పర్ణశాల నిర్మించినప్పుడు, వాస్తుశాంతి జరిపిన పిదపనే స్వామి అందు ప్రవేశించెను. ఆ చోటు దేవతలదని భావించి, వారిని తృప్తిపరచి, అటుపై నివసించెను. ఆనందమునకు ముందు వినయము నిలిచినది.

గుహాప్రవేశమునకు ఆదర్శము హనుమంతుడు. శామీర్‌పేటకు అనతిదూరమున నున్న కీసరగుట్ట ఆయన పేర వెలసినదే. కేసరి తనయుని పేర కేసరిగిరి యైనది కీసర యయ్యెనని స్థలపురాణము చెప్పుచున్నది. ఆ హనుమంతుడు సీతాన్వేషణ సమయమున అంగద జాంబవంతాదులతో ఋక్షబిలమను గుహను చేరెను. అందరును దప్పికతో అలమటించుచున్నారు. గుహనుండి తడిసిన రెక్కలతో పక్షులు వెలువడుట చూచి, లోపల నీరున్నదని ఊహించిరి. గాఢాంధకారమున ఒకరినొకరు పట్టుకొని లోనికి నడచిరి. అచ్చట స్వయంప్రభ యను తాపసి కనబడెను. ఆకలిదప్పులు ప్రాణములు తీయుచున్నను హనుమంతుడు మొదట నమస్కరించి, ఈ గుహ ఎవరిదని అడిగెను. ఆమె ఒసగిన ఫలమూలములనే వానరులు స్వీకరించిరి. పిమ్మట, మా ప్రాణములు కాపాడితివి, నీకేమి ప్రత్యుపకారము చేయుదుమని అడిగెను. ఆమెకు ఎవరివలనను పొందవలసినది లేదు. అయినను అడుగుట అతిథి ధర్మము.

ఆ వానరులే తరువాత మధువనమును పాడుచేయలేదా యని ఎవరైన అడుగవచ్చును. చేసిరి. కాని మధువనమునకు సుగ్రీవుడను యజమాని కలడు. కారణము గ్రహించి ఆయన క్షమించెను. త్రాగిన తేనె మరల సమకూరును, విరిగిన కొమ్మ మరల చిగురించును. గుహలోని శిల అట్లు కాదు. దానికి నోరు లేదు, పోయినది మన కాలమున తిరిగి రాదు.

ఈ మాట అతిశయోక్తి కాదని బేలుం గుహలను చూచిన తెలియును. మేడ్చల్ ప్రాంతమున నున్నది నల్లసేనపు రాయివంటి కఠినశిల; అది నీటికి సులభముగా కరగదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోని బేలుం నేల సున్నపురాయి. వాననీరు గాలిలోను మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆ రాతిని మెల్లమెల్లగా కరగించి గుహలను తొలిచినది. పైకప్పునుండి జారు ప్రతి చుక్కయు రవ్వంత సున్నమును వదలిపోవును. అట్లు ఏర్పడిన శిలాధార అంగుళము పెరుగుటకు వందల సంవత్సరములు పట్టవచ్చును. చేతి జిడ్డు అంటినచో ఆ పెరుగుదలకు విఘాతము కలుగును.

ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేర్కొనెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబాయెర్ నాయకత్వమున జర్మన్ బృందము పరిశోధించెను. తెలిసినంతవరకు వీటి పొడవు 3,229 మీటర్లు. ఇంతటి చోటు 1980ల చివరివరకు చుట్టుపక్కల చెత్త పడవేయు స్థలముగా నుండెను! పిదప అచ్చటి ప్రజలే కొందరు పూనుకొని దాని బాగునకు పాటుపడిరి. 2002లో అది సందర్శకులకు తెరువబడెను. మనుష్యుడు పాడుచేయగలడు, పశ్చాత్తాపముతో శుభ్రము చేయనుగలడు.

రాళ్లపై పేర్లు చెక్కు దురలవాటు మరియొకటి కలదు. కీసరగుట్టపై ఒక బండమీద విష్ణుకుండినుల కాలమునాటిదని పండితులు చెప్పు "తొలుచువాండ్రు" అను మాట కలదు. రాతిని తొలుచువారని దాని అర్థము. తెలుగున లభించిన అతి ప్రాచీనమైన వ్రాతలలో నది యొకటి. అందులో ఒక మనుష్యుని పేరు లేదు, శ్రమించిన వారందరి వృత్తి పేరు మాత్రమే యున్నది. ఏ శ్రమయు చేయక, ఒక పూట విహరించి, తన పేరును శిలకెక్కించుట అహంకారమే గాని కీర్తి కాదు.

ఉపనిషత్తులు హృదయమును గుహయని వర్ణించినవి. పరమాత్మ ఆ గుహలో అంతర్యామియై యున్నాడు. హృదయగుహలో నున్నవాడే కొండగుహలోను ఉన్నాడని నమ్మిన వైష్ణవునకు ఎవరును చూడని చోటన్నది లేదు. చీకటిలో తాను చేయు పనియే తన భక్తికి కొలత. కోవెలకు పోయి త్రోవను మలినపరచినవాడు యాత్రికుడు కాజాలడు. గుడారమున నిదురించి నేలను నేలగానే వదలి వచ్చినవాడు యాత్రాఫలమునకు దూరుడు కాడు.

తాతగారు చివరకు మనుమని పిలిచి ఇట్లనిరి: "పోయి రమ్ము నాయనా. అధికారుల అనుమతి లేని చోట గుడారము వేయకుము. ఎండుగడ్డి దగ్గర నిప్పు రాజేయకుము. గుహలో ఒంటరిగా పోకుము, చేయి తాకింపకుము. తీసికొనిపోయినదంతయు తిరిగి తెమ్ము. వచ్చు నెల మనము యాత్రకు పోవునప్పుడు నేనును ఒక గోనెసంచి వెంట తెత్తును. నీవు చూపిన ఆ త్రోవను ఇద్దరము కలిసి శుభ్రము చేయుదము."

అడవియు గుహయు ఆ శ్రీమన్నారాయణుని ఇండ్లే. ఆ ఇంట వినయముగల అతిథులై మెలగు బుద్ధిని శ్రీనివాసుడు ఎల్లరకు ప్రసాదించుగాక!