రాయి విసిరే ముందు: చూడటం కూడా ఒక సాధనే



ఈసారి స్తోత్రం గురించో వ్రతం గురించో కాదు, రెండు గుట్టల గురించి మాట్లాడుకుందాం. మాది నర్సీపట్నం. మా అనకాపల్లి జిల్లాలోనే, అనకాపల్లి టౌన్‌కి దగ్గర్లో శంకరం అనే చిన్న ఊరుంది. సంఘారామం అనే మాటే జనం నోట్లో నలిగి శంకరం అయ్యిందంటారు. అక్కడ పక్కపక్కనే రెండు గుట్టలు: బొజ్జన్నకొండ, లింగాలమెట్ట. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం మధ్య కాలంలో బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు ఇది. కొండను తొలిచి గుహలు చేశారు, గోడల మీద బుద్ధుణ్ణి చెక్కారు, ఉన్న రాతినే మలిచి స్తూపాలు నిలబెట్టారు.

ఆ బొజ్జన్నకొండ మీద బొజ్జతో ఉన్న ఒక శిల్పం ఉంది. చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి కనుమ రోజున అక్కడికి వెళ్లి దాన్ని రాళ్లతో కొట్టేవారు. ఎందుకంటే అది రాక్షసుడు అనుకున్నారు. చివరికి వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్లు పూనుకుని ఆ ఆచారం ఆగేలా చేశారు.

ఇప్పుడు పక్క గుట్ట చూడండి. లింగాలమెట్ట నిండా వరసలు వరసలుగా రాతి స్తూపాలే. దూరం నుంచి చూస్తే శివలింగాల్లా ఉంటాయి. అందుకే ఆ పేరు వచ్చిందంటారు.

రెండు గుట్టల మీదా పనిచేసింది ఆ బౌద్ధ శిల్పులే. రెండు చోట్లా ఉన్నది రాయే. ఒకచోట మనవాళ్లకి రాక్షసుడు కనిపించాడు, ఇంకోచోట శివుడు కనిపించాడు. తేడా చూసే కంట్లోనే ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది ఇంకో విషయం. రాళ్లు వేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. పండగ పూట, పిల్లాపాపలతో, చెడుని తరిమేస్తున్నాం అనే నమ్మకంతో వేశారు. అంటే అది వాళ్ల దృష్టిలో పుణ్యకార్యమే. మరి మంచి మనసు ఉంటే సరిపోతుందా? సరిపోదనే నాకు అనిపిస్తుంది. మనసు మంచిదైనా కన్ను తొందరపడితే, ఎవరో శిల్పి ఏళ్ల తరబడి ఓపికగా చెక్కిన రూపానికి దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ మళ్లీ మానదు.

"అవన్నీ పాత రోజులు" అనుకోకండి. ఇదే పని మన దేవుళ్లకీ జరిగింది. లుడొవికో ది వర్తెమా అనే ఇటలీ యాత్రికుడు మన దేశం వచ్చి వెళ్లి రాసిన పుస్తకం 1510లో రోమ్‌లో అచ్చయింది. కాలికట్ రాజుగారి పూజామందిరంలోని మూర్తిని అందులో దెయ్యంగా వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం యూరప్ వాళ్లు మన దేవతల్ని నాలుగు చేతుల భూతాలుగానే బొమ్మలు గీసుకున్నారు. ఇది చదివితే మనకి కడుపు మండుతుంది. "ఆ చేతుల అర్థం ఏంటో ఒక్కసారి అడిగి ఉండొచ్చు కదా!" అనిపిస్తుంది. సరిగ్గా ఆ మాటే బొజ్జన్నకొండ శిల్పం కూడా మనల్ని అడుగుతుంది.

మన శాస్త్రాలు ఈ విషయాన్ని ఎప్పుడో పట్టుకున్నాయి. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఉన్న అభినవగుప్తుడు, రసానుభవానికి అడ్డుపడే 7 విఘ్నాల గురించి చెప్పాడు. నాటకం గురించి చెప్పినా బొమ్మకీ శిల్పానికీ చక్కగా సరిపోతాయి. అందులో ఒకటి, మన సొంత సుఖదుఃఖాల్లో మనమే మునిగిపోయి ఉండటం. ఇంకొకటి, ఎదురుగా ఉన్నదాన్ని "ఇది నాది, ఇది పరాయివాడిది" అని ఒక చోటుకీ ఒక కాలానికీ కట్టేసి చూడటం. ఈ అడ్డంకులు దాటినవాడే సహృదయుడు. చూశారా, కళని ఆస్వాదించేవాడికి మనవాళ్లు పెట్టిన పేరులోనే హృదయం ఉంది! డిగ్రీ ఉండాలని ఎవరూ అనలేదు.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఇంకో మంచి మాట చెబుతుంది. ఒకే చిత్రంలో ఆచార్యులు రేఖని మెచ్చుకుంటారట, రసికులు వెలుగునీడల్ని, ఆడవాళ్లు నగల అలంకారాన్ని, మిగతా జనం రంగుల్ని. అంటే మనకి కనిపించిందే మొత్తం బొమ్మ కాదు. పక్కవాడి కంటికి ఇంకేదో అందుతోంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "అయితే ప్రతిదాన్నీ మెచ్చుకోవాలా? దేవుణ్ణి వెటకారం చేస్తూ గీసినా నోరు మూసుకోవాలా?" అక్కర్లేదు. నచ్చలేదు అని చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ మాట చూసిన తర్వాత రావాలి, చూడకముందే కాదు. ఎవరు చేశారు? ఎవరి కోసం చేశారు? అది వాళ్లకి ఏ అర్థం ఇచ్చింది? ఈ మూడూ అడిగాక కూడా నచ్చకపోతే, అది మీ అభిప్రాయం. అడక్కుండానే అంటే మాత్రం అది రాయే.

ఇంకో మాట. స్తూపాన్ని లింగం అనుకోవడం రాయి వేయడం కంటే ఎంతో నయం. అందులో గౌరవం ఉంది. కానీ అక్కడే ఆగిపోతే, మనకి నచ్చిన రూపాన్ని దాని మీద కప్పినట్టే. "ఇది స్తూపం, బుద్ధుణ్ణి నమ్మినవాళ్లు ప్రేమగా చెక్కుకున్నది" అని తెలిసి చేతులు జోడిస్తే, ఆ నమస్కారం ఇంకా పెద్దది. దశావతారాల్లో బుద్ధుణ్ణి చేర్చుకున్న సంప్రదాయం మనకి ఉండనే ఉంది. కాబట్టి ఇది మనకేం కష్టమైన పని కాదు.

మన రోజుల్లో రాయి అంటే వేలే. ఫోన్‌లో ఒక బొమ్మ కనిపిస్తుంది. ఒక్క సెకను కూడా ఆగం. ఛీ అనో, సూపర్ అనో పైకి తోసేస్తాం. రెండింటిలోనూ చూడటం జరగలేదు.

సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం పూతలో ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్క రోజే నిజరూప దర్శనం. ఆ కాసేపటి కోసం ఎండలో గంటల తరబడి క్యూలో నిలబడతాం, ఎవరూ విసుక్కోం. ఎందుకంటే అసలు రూపం చూడాలంటే ఓపిక పట్టాలని మనకి తెలుసు. ఆ ఓపికలో కొంచెం, ఒక్క 5 నిమిషాలు, మనకి తెలియని ఒక బొమ్మకి ఇద్దాం. మ్యూజియంలో పేరు తెలియని విగ్రహం కావచ్చు, ఎగ్జిబిషన్‌లో అర్థంకాని పెయింటింగ్ కావచ్చు, ఏటికొప్పాక లక్క బొమ్మ కావచ్చు.

ఈ సెలవుల్లో వీలైతే శంకరం వెళ్లి రండి. మెట్లెక్కి, ఆ శిల్పాల ముందు కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. నచ్చాలని రూలేం లేదు. ముందు చూడండి, చాలు.

శుభం.