లోపలి మడత

రెండేళ్ళ కిందట దసరాకి ముందు మా ఎదురింటి అక్క లంగా కుట్టించడానికి దర్జీ కొట్టుకి వచ్చింది. నేను చొక్కా గుండీల పని మీద అక్కడే కూర్చుని ఉన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల స్టూలెక్కి, చేతులు చాపి కొలతలిస్తోంది. కింద మడత ఎంత పెట్టమంటారని దర్జీ అడిగాడు. "నాలుగు వేళ్ళు వదులు నాయనా, పిల్ల ఏపుగా ఎదుగుతోంది" అంది అక్క.

నా మనసులో చప్పున ఒక లెక్క తిరిగింది. ఆ పిల్ల ఆవిడ కన్నది కాదు, మనవరాలు కాదు, దత్తత తెచ్చుకున్నదీ కాదు. తల్లి జబ్బు నయమయ్యేదాకానో, అమ్మమ్మ కాస్త కుదుటపడేదాకానో పెట్టుకోమని అప్పగించిన పిల్ల. సంక్రాంతి దాటాక పంపేస్తారని వీధంతా అనుకుంటున్నారు. ఆ మడత విప్పే వేళకి లంగా ఏ ఇంటి దండెం మీద ఆరుతుంటుందో దర్జీకి తెలియదు గాని అక్కకి తెలుసు. తెలిసే వదలమంది.

పిల్ల పేరు రాయను. రాయకూడదు కూడా. ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా ఏ వివరమూ అచ్చులో పెట్టకూడదని చట్టంలోనే ఉంది. అందుకని కొన్ని ఆనవాళ్ళు మార్చాను. మడత మాత్రం మార్చలేదు.

దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు. తెలుగులో దీనికి సరైన మాట నాకింతవరకు దొరకలేదు. 'పెంపకానికి ఇచ్చారు' అంటే మనకి దత్తత అనే అర్థం. దత్తతలో పిల్ల ఇంటిపేరు మారుతుంది, ఆస్తిలో వాటా వస్తుంది, ఇక తిరిగి వెళ్ళడం ఉండదు. ఇక్కడ ఏదీ మారదు. పాత తెలుగులో 'ఇల్లడ' అని ఒక మాట ఉండేది. నమ్మి ఒకరి దగ్గర దాచిపెట్టుకునే సొమ్ము. అడిగిన రోజున తరుగు లేకుండా తిరిగివ్వాలి. దగ్గరకొచ్చే మాట అదే గాని, సొమ్ము రాత్రిళ్ళు లేచి ఏడవదు కదా.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ దీనికోసమే ఉంది. కన్నవాళ్ళు చూసుకోలేని స్థితిలో ఉంటే బాలల సంక్షేమ సమితి ఆ పిల్లని వేరే కుటుంబంలో ఉంచవచ్చు. పిల్లకి మేలనిపిస్తే కన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. వాళ్ళ పరిస్థితి బాగుపడిందని తేలితే పిల్ల వెనక్కి వెళుతుంది. 2024లో మార్చిన మార్గదర్శకాల్లో పెళ్ళికానివాళ్ళకి, భర్త పోయినవాళ్ళకి, విడాకులు తీసుకున్నవాళ్ళకి కూడా అవకాశమిచ్చారు. దత్తతకి వీలున్న పిల్లయితే, రెండేళ్ళు పెంచిన కుటుంబమే తర్వాత దత్తత అడగవచ్చన్నారు. అంతకుముందు అది అయిదేళ్ళు. మా అక్క విషయంలో ఆ దారి లేదు. పిల్లకి తల్లి ఉంది. ప్రతి ఆదివారం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేది కూడా. ఆ ఫోన్ పిల్ల చేతికిచ్చేసి అక్క పెరట్లోకి పోయేది. ఎండలేని రోజున కూడా ఒడియాలు తిరగేసే పని ఏదో ఆవిడకి అప్పుడే గుర్తొచ్చేది.

మిషన్ వాత్సల్య కింద ఇలాంటి పిల్లకి నెలకి నాలుగు వేల రూపాయలిస్తారు. రోజుకి నూట ముప్ఫై చిల్లర. "డబ్బుల కోసమే గదా" అన్నవాళ్ళు మా వీధిలో ఉన్నారు. పాలు, పళ్ళు, స్కూలు ఆటో, తలలో పేలకి మందు, రాత్రి జ్వరమొస్తే డాక్టరు... ఆ మాటన్నవాళ్ళలో ఒక్కరు ఒక్క నెల ఆ పద్దు రాస్తే చూడాలని ఉంది నాకు.

అక్కని హీరో అందామా అంటే, ఆ మాట అనగానే మనకి ఎంట్రీ పాట గుర్తొస్తుంది. దుమ్ము లేవాలి, ఈలలు పడాలి. ఆ పిల్ల మా వీధికొచ్చిన రోజు దుమ్ము లేవలేదు. కార్తీకమాసం, సన్నగా చినుకు. చేతిలో గుడ్డలషాపు ప్లాస్టిక్ సంచి. అందులో రెండు గౌన్లు, ఒక దువ్వెన. అంతకుముందు ఆరు నెలలు హోములో ఉంది. అక్కడ కొట్టలేదు, తిట్టలేదు, మూడు పూటలా పెట్టారు. కానీ అరవై మందికి వండిన అన్నంలో తన ముద్ద ఏదో ఏ పిల్లకీ తెలియదు.

వచ్చిన వారానికి అక్కకి పిల్ల దిండు కింద చీమలు కనిపించాయి. ఎత్తి చూస్తే ఎండిపోయిన ఇడ్లీ ముక్కలు, సగం కొరికిన అరటిపండు. రేపు పెడతారో లేదోనని దాచుకుంది. నేనైతే ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి. అక్క పక్క దులిపి, బజారుకెళ్ళి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది. నిండా జంతికలు పోసి, పిల్లకి అందే అరలో పెట్టింది. "ఇది నీ డబ్బా. ఎప్పుడు తిన్నా నన్ను అడగబల్లా" అని చెప్పింది. మొదటి నెల ఆ డబ్బా మూడు రోజులకోసారి ఖాళీ అయ్యేది. తర్వాత వారానికి. ఆ తర్వాత ఒకరోజు జంతికలు మెత్తబడిపోయాయని అక్క విసుక్కుంటూ పారబోసింది. పారబోస్తూ ఎందుకు నవ్విందో నాకు ఆలస్యంగా వెలిగింది.

పక్క తడపడం మాత్రం చాలాకాలం ఆగలేదు. పెంచిన తల్లి అంటే అందరూ యశోద పేరు ఎత్తుతారు. నాకు రాధ గుర్తొస్తుంది, కర్ణుణ్ణి పెంచిన రాధ. ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి కొడుకువి, పాండవుల వైపు రా, రాజ్యం నీదే అంటాడు. అప్పుడు కర్ణుడు రాధ తనకి నేర్పిన నీతుల్ని తలుచుకోడు. తన మలమూత్రాలు ఎత్తిందంటాడు. అంత పెద్ద రాజ్యానికి ఎదురుగా అతను త్రాసులో వేసింది ఆ పనిని. అందుకే అతను రాధేయుడు. అయితే రాధకి ఆ పేరైనా మిగిలింది. మా అక్క లాంటివాళ్ళకి చట్టం అదీ ఇవ్వదు. స్కూలు రిజిస్టర్లో తల్లి పేరు దగ్గర ఉన్న పేరే ఉంటుంది. ఉండాలి కూడా. ఉండాలని అక్కకి తెలుసు. తెలిసిన పని చేయడం తేలికని మాత్రం నేననను.

ఇల్లు కాకుండా హోము చాలదా, అక్కడా అన్నం పెడుతున్నారు కదా అని నేనూ ఒకప్పుడు అనుకున్నవాణ్ణే. రొమేనియా సంగతి చదివాక ఆ మాట మింగేశాను. అక్కడ చౌషెస్కూ పాలన 1989లో కూలేనాటికి లక్షమందికి పైగా పిల్లలు ప్రభుత్వ సంస్థల్లో ఉన్నారు. తర్వాత 2000 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు బుఖారెస్ట్‌లో 136 మంది పసివాళ్ళని తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు ఇళ్ళకి పంపారు. తక్కినవాళ్ళకి ఆ రోజుకి ఉన్నచోటే దక్కింది. ఆ ఊళ్ళో అప్పటికి పెంపుడు ఇళ్ళంటూ దాదాపు లేవు. మామూలు ఆడవాళ్ళని వెతికి, నేర్పించి, జీతమిచ్చి కొత్తగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఇళ్ళకి వెళ్ళిన పిల్లల తెలివితేటలు, మనుషులకి దగ్గరయ్యే గుణం మెరుగుపడ్డాయి. రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళకి మరీ మేలు జరిగింది. చీటీలో రెండో సగంలో పడ్డ పిల్లల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. శాస్త్రానికి రుజువు కావాలి, సరే. ఆ రుజువు అవతల మంచాల మీద పడుకుని ఉంది.

మనకి ఇదంతా కొత్తేమీ కాదని పెద్దలంటారు. ఒకప్పుడు పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. ఏడిళ్ళ కూడు తిని పెద్దవాళ్ళయినవాళ్ళ కథలు మన సాహిత్యం నిండా ఉన్నాయి. వాటిని మరీ ముద్దుగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఏ కులం పిల్లవాడికి ఏ ఇంట్లో వారం దొరికేదో, ఎవడు వీధి అరుగు దాటలేకపోయేవాడో కూడా చెప్పుకోవాలి కదా.

మా ఒంగోలు వాళ్ళకి మాత్రం దగ్గరి ఉదాహరణ ఒకటుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయారు. తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. మిషన్ స్కూల్లో పాఠం చెప్పిన హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రికి మారుతూ ఈ కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయి చదివించారు. తల్లి ఉండగానే, తల్లి ఒప్పుకుని పంపగా, ఒక మేష్టారు మోసిన బాధ్యత అది. 1972లో జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. ఆ మేష్టారి పేరు మా వీధిలో నలుగుర్ని అడిగాను, ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఇలాంటి పేరు తెలియనివాళ్ళని, పిల్ల మా వీధిలో ఉన్న పద్నాలుగు నెలల్లో మరికొందర్ని చూశాను. ఒకసారి అక్కకి తోడుగా సమితి ముందుకి వెళ్ళాను. అయిదుగురు కూర్చునే బెంచీ అది, మేజిస్ట్రేటుకుండే అధికారాలుంటాయి. పిల్ల బిగుసుకుపోయి నిలబడింది. అందులో ఒకావిడ కుర్చీ దిగి వచ్చి పిల్ల పక్కన గచ్చు మీద చతికిలబడింది. ఎక్కడుంటావమ్మా అని అడగలేదు. పొద్దున ఏం తిన్నావు, జడ ఎవరు వేశారు, ఈ రిబ్బను నువ్వే ఎంచుకున్నావా? పావుగంట అదే మాట్లాడింది. కావలసిన జవాబులన్నీ అందులోనే ఏరుకుంది.

స్కూల్లో మూడో తరగతి టీచరు 'మా కుటుంబం' వ్యాసం రాయించాల్సి వచ్చింది. ఆవిడ అంశాన్ని మార్చేసింది. 'మా ఇంట్లో రాత్రి అన్నానికి ఎవరెవరు కూర్చుంటారు' అని రాయమంది. క్లాసంతా అదే రాశారు. ఎందుకు మార్చిందో క్లాసులో ఎవరికీ తెలియదు.

ఇక మా బావ, అంటే అక్క భర్త. ఆర్టీసీ కండక్టరు. మాటలు తక్కువ. పిల్లతో ఏం మాట్లాడాలో మొదట్లో ఆయనకి తోచలేదు. రాత్రి డ్యూటీ దిగొచ్చి మెట్ల మీద కూర్చుని తన రూటు స్టాపులు వరసగా అప్పజెప్పేవాడు. ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి. పిల్ల వెనకాలే పాటలా అందుకునేది. వాళ్ళ అమ్మమ్మ ఊరు కావలి దిగి లోపలికి వెళ్ళాలి. వరస నోటికొచ్చాక తిరగేసి చెప్పించాడు. కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. ఎందుకు బావా రెండు వైపులా అంటే, "బస్సు రెండు వైపులా పోద్ది గదా అబ్బాయా" అన్నాడు, అంతే.

నేను అక్కని అడగకూడని ప్రశ్న ఒకసారి అడిగాను. మళ్ళీ ఇచ్చెయ్యాల్సిన పిల్లని ఇంత దగ్గర చేసుకోవడం ఎందుకక్కా అని. చిక్కుళ్ళు గిల్లుతోంది. తలెత్తలేదు.

"అద్దింట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు తులసి మొక్క పెట్టలేదా ఏంది?"

అంతలో కుక్కర్ కూత వేస్తే లేచిపోయింది. ఆ మాట మీద నేను చాలా రోజులు నిలబడిపోయాను. మనం దేన్నయినా పెంచుతున్నామంటే దానిమీద హక్కు రాసుకుంటూనే పెంచుతాం. నా కొడుకు, నా చెట్టు, నా శిష్యుడు. ముసలితనానికి ఆసరా అనో, తలకొరివి అనో, కనీసం నలుగురిలో పేరనో ఒక బాకీ వెనకాల నిలబడే ఉంటుంది. నేనూ ఇద్దరు పిల్లల్ని పెంచినవాణ్ణే, నా పద్దు నాకు తెలుసు. ఆ పద్దులో వసూలు కాలమ్ అసలు గీయకుండా పెంచడం ఎలా ఉంటుందో ఊహించబోతే నాకు ఊపిరాడలేదు. త్యాగమని పేరు పెడదామా అంటే అక్క ముఖంలో ఆ బరువు ఎప్పుడూ కనపడలేదు. గొణుక్కునేది, పిల్ల అబద్ధమాడితే గట్టిగానే అరిచేది, ఒకసారి విసిగిపోయి "రేపే ఆఫీసుకి ఫోన్ చేస్తా" అని కూడా అంది. అని, సాయంత్రం సేమ్యా చేసి పెట్టింది.

సంక్రాంతి అయిన పదో రోజున పిల్ల వెళ్ళిపోయింది. తల్లి ఆసుపత్రి నుంచి అమ్మమ్మ ఇంటికి చేరింది. ఇల్లు చూసి, మాట్లాడి, ఆఫీసువాళ్ళు సరేనన్నారు. ప్లాస్టిక్ సంచితో వచ్చిన పిల్ల జిప్పు సంచితో వెళ్ళింది. స్టీలు డబ్బా కూడా అందులోనే.

మూడు రోజులు అక్క గుమ్మంలోకి రాలేదు. చావుకి మైల ఉంది, పదో రోజుంది, వచ్చి కూర్చునేవాళ్ళున్నారు. కూతుర్ని అత్తారింటికి పంపితే అప్పగింతల పాటలున్నాయి, కన్నీళ్ళు తుడిచే పేరంటాళ్ళున్నారు. ఈ దుఃఖానికి మాత్రం మా వీధిలో ఏ మర్యాదా లేకపోయింది. వెళ్ళి ఏమనాలి? తల్లీపిల్లా కలిశారు, అది శుభవార్త. శుభవార్త జరిగిన ఇంటికి పరామర్శకి ఎలా వెళతాం? అందుకని ఎవరం వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. నాలుగో రోజు ముగ్గు కనపడితే హమ్మయ్య అనుకున్నాను. నా పిరికితనానికి ఆ ముగ్గు సరిపోయింది.

పోయిన వేసవిలో ఉలవపాడు మామిడిపళ్ళ బుట్టతో అమ్మమ్మా, పిల్లా వచ్చారు. ఒంగోల్లో తల్లిని డాక్టరుకి చూపించి, అట్నుంచి అటే వచ్చారట. తల్లి మాత్రం గేటు బయట ఆటోలోనే కూర్చుంది. అక్క వెళ్ళి చెయ్యిపట్టుకుని దింపి తీసుకొచ్చింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

పిల్ల బాగా పొడుగయింది. దసరా లంగానే కట్టుకుంది. మడత విప్పి కిందికి దించారు, ఇప్పుడు సరిగ్గా చీలమండల దాకా వచ్చింది. పైనంతా ఉతికి ఉతికి వెలిసింది. నాలుగు వేళ్ళ మేర మాత్రం కొత్తగుడ్డలా చిక్కటి ఆకుపచ్చ. రెండిటి మధ్య పాత కుట్టు గీత. అక్క మెట్ల మీద కూర్చుని ఆ అంచు చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసింది.

"చేత్తోనే కుట్టావా అమ్మాయ్?" అని తల్లిని అడిగింది. "బాగా వచ్చింది."