మౌనం వెనుక గుణం: ‘సత్య’ పాత్ర స్వభావ విచారణ

మనిషి నేరానికి ఒడిగట్టడం అతని స్వభావ ఫలమా, పరిస్థితుల ఫలమా అన్న ప్రశ్నకు భగవద్గీతలోని గుణత్రయ విచారం ఇచ్చే సమాధానం, నేటి వ్యక్తిత్వ వర్గీకరణలు ఇచ్చేదానికన్నా లోతైనది. కార్ల్ యుంగ్ 1921లో ప్రకటించిన సిద్ధాంతం ఆధారంగా అమెరికాలో తల్లీకూతుళ్లయిన క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ మనుషులను 16 రకాలుగా విభజించారు. గీత 14వ అధ్యాయం మాత్రం ప్రకాశరూపమైన సత్త్వాన్ని, తృష్ణారూపమైన రజస్సును, మోహరూపమైన తమస్సును మనుషుల రకాలుగా కాక, ఒకే మనిషిలో ఒకదాన్నొకటి అణచి పైకి లేచే శక్తులుగా నిరూపిస్తుంది.

రామ్‌గోపాల్ వర్మ 1998లో తీసిన హిందీ చిత్రం ‘సత్య’లో జె.డి. చక్రవర్తి పోషించిన పాత్ర ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. పూర్వకథ దాదాపు ఏమీ లేకుండా ముంబయిలో అడుగుపెట్టిన సత్య మితభాషి, భయమెరుగనివాడు, హఫ్తా వసూలుకు వచ్చినవాడిపై నిస్సంకోచంగా కత్తి దూసేవాడు. నవ్వినా కోపించినా దాచుకోని అతని మిత్రుడు, ముఠా నాయకుడు భీకూ మాత్రే రజోగుణం ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది గాని, సత్య నిశ్చలత చూసినవారికి అది సత్త్వమేననిపించే ప్రమాదముంది. గీత 18వ అధ్యాయం ఇక్కడే దారి చూపుతుంది. మనస్సును, ప్రాణాన్ని, ఇంద్రియాలను నిలిపి ఉంచే పట్టుదలకు ధృతి అని పేరు పెట్టి, అదీ మూడు విధాలని చెబుతూ, భయశోకవిషాదాలను, మదాన్ని విడవనిది తామస ధృతి అని నిర్ణయిస్తుంది. పొరుగింటి యువతి విద్యపై ప్రేమతో కొత్త జీవితం కోరుకున్న సత్య, నగరం విడిచిపోయే దారి ఉండి కూడా, భీకూ హత్య తెచ్చిన శోకాన్ని విడవలేక, గణేశ నిమజ్జనపు జనసందోహంలో, ఆ హత్య చేసిన రాజకీయ నాయకుడు భావూను చంపి, చివరకు విద్య ఇంటి గుమ్మంలో పోలీసు తూటాలకు బలవుతాడు. పట్టు సడలలేదు, పట్టుకున్నదే మారింది.

పరిస్థితులే మనిషిని నేరస్థుణ్ణి చేస్తాయన్న వాదానికీ పరిమితి ఉంది. 1982 జనవరిలో మొదలై విఫలమైన ముంబయి బట్టల మిల్లుల సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఈ మిల్లులనే నమ్ముకుని బతికినవి. ఉపాధి పోయిన మిల్లు ప్రాంతపు యువకుల్లో కొందరు ముఠాల్లో చేరిన మాట నిజమే అయినా, వర్లి బీడీడీ చాళ్లలోనూ కామాఠిపురా గల్లీల్లోనూ అదే ఆకలిని అనుభవిస్తూ ఆయుధం ముట్టనివారే అత్యధికులు. వారి సహనాన్ని మన చిత్రాలు కథానాయకత్వానికి తగినదిగా అరుదుగా ఎంచడం బాధాకరం.

స్వభావజన్యమైన కర్మ అర్జునుణ్ణి అవశుణ్ణి చేసి యుద్ధానికి లాగుతుందని 18వ అధ్యాయం 60వ శ్లోకంలో చెప్పిన కృష్ణుడే, 63వ శ్లోకంలో అంతా విమర్శించి ఇష్టం వచ్చినట్లు చేయమంటాడు. స్వభావం లాగుతుంది, అయినా విమర్శించే అవకాశం మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ అవకాశం సత్యకు నిమజ్జనం నాటి వరకూ ఉంది కనుక, భావూ హత్యకు బాధ్యత అతని స్వభావానిదీ కాదు, ముంబయి నగరానిదీ కాదు, అతనిదే.